పిల్లల ఫొటో ఎవరి సొత్తు?



మనకు చదువు చెప్పిన సారు పేరిట జరిగే స్మారక సభల్లో సాహిత్యం గురించో జిల్లా చరిత్ర గురించో మాట్లాడటం ఆనవాయితీ. ఈసారి ఫొటోల గురించి మాట్లాడతానంటే నిర్వాహకులు పెద్దమనసుతో ఒప్పుకున్నారు. బడిలో, హాస్టల్లో, దవాఖానలో, జాతరలో, నలుగురూ చూడటానికి పోయే ప్రతిచోటా మనం పిల్లల ఫొటోలు దించుతున్నాం. ఎవరినడిగి దించుతున్నాం? దించినదాన్ని ఏం చేస్తున్నాం? ఆ పిల్లలు పెద్దవాళ్లయ్యాక ఆ ఫొటో మీద వాళ్లకేమైనా అధికారం మిగులుతుందా? సెల్‌ఫోన్లు వచ్చాక పట్నాల్లో పుట్టిన చర్చ ఇది అని కొందరనుకుంటారు. మన దగ్గర దీనికి అంతకంటే ఎక్కువ వయసుంది. పిల్లల ఒళ్లు చూపించి నీళ్లడిగిన జిల్లా మన నల్లగొండ.

1955 డిసెంబరు 10న నందికొండ దగ్గర నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. అదే డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఎ.హెచ్. సిద్దిఖీ రాసిన వ్యాసం ఒకటి అచ్చయింది. నల్లగొండ జిల్లాలో ఫ్లోరోసిస్ అన్నది దాని విషయం. కృష్ణకు అడ్డంగా కట్ట వేయడానికి పూజ చేసిన నెలలోనే, ఆ కృష్ణ ఒడ్డు జిల్లాలో బావినీళ్లు జనం ఎముకలను ఏం చేస్తున్నాయో లండన్ పత్రిక చదివేవాళ్లకు తెలిసిపోయింది. తర్వాత సాగర్ ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు పారింది. ఎత్తున ఉన్న మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు మెట్టకు ఎక్కలేదు. ఆ మెట్ట కింద ఉన్నదంతా గ్రానైటు. రాతిలోని ఫ్లోరైడ్ కరిగి నీళ్లలోకి దిగుతుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగొద్దని ప్రమాణం. అక్కడి బావులు, బోర్లు ఆ గీతను ఎప్పుడో దాటాయి. ముందు పళ్లు గారపడతాయి. తర్వాత మెడ తిరగదు, నడుము వంగదు. ఎదిగే వయసు పిల్లలైతే కాళ్లే వంకర్లు పోతాయి. ఫ్లోరైడ్ ప్రాంతాల్లో మోకాళ్లు లోపలికి వంగిపోవడం గురించి హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కృష్ణస్వామి 1973లో లాన్సెట్ పత్రికలో రాశారు. నీళ్లలోంచి ఫ్లోరైడ్‌ను పటిక, సున్నంతో విరిచే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ తయారుచేస్తే దానికి ‘నల్లగొండ టెక్నిక్’ అన్న పేరే స్థిరపడింది. ప్రపంచంలో ఎక్కడ ఫ్లోరైడ్ ఉన్నా ఆ పుస్తకాల్లో మన ఊరిపేరు కనపడుతుంది.

ఈ జబ్బు కంటికి కనిపిస్తుంది. క్షయ లోపల ఉంటుంది, ఆకలి లోపల ఉంటుంది. ఇది మాత్రం వాకిట్లో కూర్చున్న పిల్లవాడి కాళ్లలో, చేతుల్లో ఉంటుంది. అందుకే కెమెరా మన ఊళ్లకు తరచుగా వచ్చింది. డాక్టర్లు తెచ్చారు, విలేకరులు తెచ్చారు, స్వచ్ఛంద సంస్థలు తెచ్చాయి, ఎన్నికలొచ్చినప్పుడు పార్టీలు తెచ్చాయి. వైద్య గ్రంథాల్లో రోగి కళ్ల మీద నల్లపట్టీ అచ్చువేసే మర్యాద ఒకటుండేది. పత్రికలకు, పోస్టర్లకు ఆ మర్యాద కూడా అక్కర్లేకపోయింది. పట్టీ వేస్తే మాత్రం ఏం దాగుతుంది? ఊరిపేరు కింద రాసి, ఆ ఒంటిని పైన చూపిస్తే ఆ పిల్లవాడెవరో చుట్టుపక్కల పది ఊళ్లకు తెలుసు.

ఇదే జిల్లా తన గోడు చెప్పుకోవడానికి ఇంకో దారి కూడా వెతికింది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీ చేశారు. నీళ్లకోసం జలసాధన సమితి పిలుపునిస్తే జనం నామినేషన్లు వేశారు. బ్యాలెట్ కాగితం పుస్తకమంత అయింది, పోలింగు వాయిదా పడింది, దేశమంతా నల్లగొండ వైపు చూసింది. ఆ 480 మందిలో ప్రతి ఒక్కరూ డిపాజిట్ కట్టి, తమ చేత్తో సంతకం పెట్టి, తమ పేరును తామే వీధిలోకి తెచ్చుకున్నారు. కావాలనుకుంటే గడువులోగా ఉపసంహరించుకునే అవకాశం కూడా వాళ్లకు ఉంది. పేరుపెట్టి, ఇష్టపడి, తెలిసి ఇచ్చిన సాక్ష్యమది. పక్కనే, అదే కారణం కోసం ఫొటోలకెక్కిన పిల్లలకు ఈ మూడింట్లో ఒక్కటీ దక్కలేదు. నా ఉపన్యాసమంతా ఈ తేడా గురించే.

అంశల స్వామి పేరు ఈ సభలో తెలియనివాళ్లుండరు. మర్రిగూడ మండలం శివన్నగూడెం. 2003లో జలసాధన సమితి నాయకుడు దుశర్ల సత్యనారాయణ ఆయన్ను ఢిల్లీ తీసుకెళ్లి, అప్పటి ప్రధాని వాజపేయి ముందు బల్ల మీద పడుకోబెట్టి, మా నీళ్లు మా పిల్లల్ని ఇలా చేశాయని చూపించారు. స్వామి అప్పటికి పిల్లవాడు. ఆ దృశ్యం మన జిల్లా ఉద్యమ చరిత్రలో నిలిచిపోయింది. దుశర్ల చిత్తశుద్ధిని శంకించేవాడెవడూ జిల్లాలో లేడు, నేనసలే కాదు. బ్యాంకు ఉద్యోగం వదిలి జీవితాన్ని నీళ్లకు, చెట్లకు ఇచ్చిన మనిషి ఆయన. ఆ రోజు ఆ బల్ల దగ్గర జరిగింది ఒక న్యాయమైన ఆర్తనాదం.

అయినా ఒక మాట అడగాలి. స్వామి పెద్దవాడయ్యాడు. హెయిర్ కటింగ్ సెలూన్ పెట్టుకున్నాడు. 2022 అక్టోబరులో, మునుగోడు ఉపఎన్నిక వేడిలో, మంత్రి కేటీఆర్ వాళ్లింటికి వెళ్లి భోజనం చేసినప్పుడు మళ్లీ కెమెరాలన్నీ అక్కడే. 2023 జనవరిలో ఆయన చనిపోయాడు. అప్పటి వార్తల్లోనూ ఆ బల్ల మాట వచ్చింది. ఆ తర్వాత ఇరవై ఏళ్లు బతికి, ఒక పని నేర్చి, సెలూన్ నడుపుకున్న మనిషిని మనం ఆ బల్ల మీది నుంచి దింపనే లేదు. ఆయన విలేకరులతో మాట్లాడేవాడు, ఉద్యమంలో తనవంతు గొంతు కలిపాడు, ఆ గుర్తింపును ఆయన గౌరవంగానే మోసి ఉండవచ్చు. నేనడిగేది ఆయన తరఫున కాదు. పేరు తెలియకుండా, ఊరిపేరుతో మాత్రమే అచ్చయిన మిగతా పిల్లల తరఫున. ‘ఫ్లోరైడ్ బాధితురాలు, మర్రిగూడ మండలం’ అని కింద రాసి ఉన్న ఒక ఎనిమిదేళ్ల పిల్ల ఇప్పుడెక్కడుంది? పెళ్లిచూపులప్పుడు ఆ ఫొటో ఎవరైనా తీసుకొచ్చి చూపించారా? ఉద్యోగానికి పోయినచోట ఎవరైనా గుర్తుపట్టారా? అడగడానికి ఎవరూ వెళ్లలేదు కాబట్టి ఈ ప్రశ్నలకు మన దగ్గర జవాబు లేదు.

కోర్టులో సాక్షికి సమన్లు పంపుతారు, ఎందుకు పిలిచారో చెబుతారు, మాట్లాడనిస్తారు, పనైపోయాక ఇంటికి పొమ్మంటారు. పంచనామాలో పట్టుకున్న వస్తువును మాత్రం చీటీ కట్టి మాల్‌ఖానాలో పడేస్తారు, మళ్లీ కేసు వచ్చినప్పుడల్లా బయటికి తీస్తారు. మన పిల్లల్ని మనం సాక్షుల్లా కాకుండా ఆ వస్తువుల్లా వాడుకున్నాం. నీళ్ల కేసు వచ్చిన ప్రతిసారీ, ఎన్నిక వచ్చిన ప్రతిసారీ అవే ఫొటోలు బయటికొస్తాయి.

దీనికి అచ్చంగా సాటివచ్చే కథ జపాన్‌లో ఉంది, కొంచెం ఓపికపట్టి వినండి. మినమాట అనే తీరపట్టణంలో చిస్సో అనే రసాయనాల కంపెనీ పాదరసం కలిసిన వ్యర్థాలను సముద్రంలోకి వదిలింది. ఆ చేపలు తిన్నవాళ్ల నరాలు దెబ్బతిన్నాయి. కడుపులో ఉన్న పిల్లలకూ సోకింది. 1956లో ఆ జబ్బును అధికారికంగా గుర్తించారు. అదే ఏడాది పుట్టిన కమిమురా తొమొకో అనే అమ్మాయి పుట్టుకతోనే చూపు, మాట, నడక లేనిదయింది. 1971లో యూజీన్ స్మిత్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్ తన భార్య ఐలీన్‌తో కలిసి ఆ ఊళ్లోనే కాపురం పెట్టాడు. ఆ డిసెంబరులో తల్లి తొమొకోకు నీళ్లుపోస్తుండగా ఒక ఫొటో తీశాడు. తల్లిదండ్రులు ఒప్పుకునే తీయనిచ్చారు, ప్రపంచానికి తెలియాలనే ఒప్పుకున్నారు. 1972లో లైఫ్ పత్రికలో వచ్చిన ఆ చిత్రం ప్రపంచాన్ని కదిలించింది. ఇరవయ్యో శతాబ్దపు గొప్ప ఫొటోలంటూ ఎవరు జాబితా రాసినా అందులో అది ఉంటుంది.

తొమొకో 1977లో, ఇరవై ఒక్కేళ్లకు చనిపోయింది. ఫొటో మాత్రం తిరుగుతూనే ఉంది. పుస్తకాల్లో, ప్రదర్శనల్లో, కరపత్రాల్లో. ఆ ఫొటో వల్ల ఆ కుటుంబానికి డబ్బులొస్తున్నాయని ఊళ్లో గుసగుసలు కూడా పుట్టాయి. ఆ మాట తల్లిదండ్రులను ఎంత కోసి ఉంటుందో ఊరన్నది ఎట్లా ఉంటుందో తెలిసిన మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఇక మా బిడ్డను విశ్రాంతి తీసుకోనివ్వండి అన్నది వాళ్ల కోరిక. 1998లో ఐలీన్ ఆ ఫొటో గురించి నిర్ణయించే హక్కును తల్లిదండ్రులకు ఇచ్చేశారు, కొత్తగా ఎక్కడా అచ్చువేయడానికి ఇవ్వబోనని మాట ఇచ్చారు. హక్కుదారు ఆమె, చట్టప్రకారం ఎవరికీ జవాబు చెప్పుకోనక్కర్లేదు. అయినా ఇచ్చేశారు. 2020లో మినమాట మీద ఒక సినిమా వచ్చినప్పుడు ఆ చిత్రం మళ్లీ బయటికొచ్చింది, దాని మీద వాదన జరిగింది. అంటే ఆ విషయం అక్కడా పూర్తిగా తేలలేదు. కానీ అక్కడ వాదించుకోవడానికి ఒక ఆధారముంది. ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకోవచ్చునన్న సంగతిని అక్కడివాళ్లు ఒప్పుకున్నారు.

ఆ ఫొటోలే లేకపోతే నీళ్లొచ్చేవా అని మీరు అడుగుతారు. అడగాలి కూడా. దశాబ్దాలపాటు మెడికల్ జర్నళ్లలో వ్యాసాలొచ్చినా కదలని ప్రభుత్వాలు వంకర కాళ్ల పిల్లల్ని చూసి కదిలాయి. 2015లో మిషన్ భగీరథ పైలాన్‌ను చౌటుప్పల్‌లో పెట్టడానికి ఒక కారణం ఆ ప్రాంతపు ఫ్లోరైడే. ఇవాళ కృష్ణా నీళ్లు మర్రిగూడ నల్లాల్లో వస్తున్నాయంటే అందులో ఆ పిల్లల వంతు ఉంది. నేను ఫొటోలు వద్దనడం లేదు. అవి పనిచేశాయి కాబట్టే వాళ్లకు మన బాకీ పెద్దది. పని చేయించుకున్నాక కూలి ఇవ్వకపోతే ఏమంటారో పాలమూరు వాళ్లకు నేను చెప్పేదేముంది?

పాలమూరు మాట వచ్చింది కాబట్టి నల్లమల వైపు పోదాం. 1939లో యుద్ధం మొదలైనప్పుడు క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ అనే ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త హైదరాబాద్ రాజ్యంలో చిక్కుకుపోయాడు. శత్రుదేశపు పాస్‌పోర్టు ఉన్నవాడు కాబట్టి రాజ్యం దాటి పోవడానికి వీల్లేదన్నారు. 1940లో ఆయన అమ్రాబాద్ మీది చెంచు పెంటల్లో, అంటే గూడేల్లో, తిరిగి, 1943లో చెంచుల మీద పుస్తకం అచ్చువేశాడు. చెంచుల గురించి ఏం రాయాలన్నా ఇప్పటికీ ఆ పుస్తకం తెరవాల్సిందే. ఆయన తీసిన ఫొటోలు ఇవాళ లండన్ విశ్వవిద్యాలయంలోని సోయస్ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. ఆ ఫొటోల్లో ఉన్నవాళ్ల మనుమలు, మునిమనుమలు మన్ననూరు, అప్పాపూర్ వైపు పెంటల్లో ఉన్నారు. తాత ముఖం లండన్‌లో ఉందని వాళ్లలో ఎంతమందికి తెలుసు? ఆ కాలానికి ఆ పద్ధతి చెల్లింది, ఆ పండితుడు చెంచులకు మేలు కోరినవాడే. ఆ ఫొటోల నకళ్లు అమ్రాబాద్‌లో ఒక గదిలో పెట్టి, ఇది ఫలానా వాళ్ల తాత అని చెంచులచేతే చెప్పించి పేర్లు రాయించే పని మన గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏకు తలకు మించిన భారమేమీ కాదు.

ఇప్పటి సంగతి అంతకంటే బాధ. శ్రీశైలం రోడ్డు మీద కారు ఆపుతారు. ఫరహాబాద్ వ్యూ పాయింట్‌కు పోయేవాళ్లు, చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతరకు పోయేవాళ్లు, దారిలో చెంచు పిల్ల కనపడితే ఒక బిస్కెట్ ప్యాకెట్ చేతిలో పెట్టి పక్కన నిలబడి సెల్ఫీ దిగుతారు. ఒంటి మీద బట్ట సరిగా లేని పిల్లలైతే ఇంకా దగ్గరగా దించుతారు. సాయంత్రానికి అది వాట్సాప్ స్టేటస్. ‘అడవి బిడ్డలతో’ అని పైన ఒక మాట. ఆ కారులో వచ్చినాయన తన కూతురిని ఎవరైనా రోడ్డు పక్కన ఆపి ఇట్లా ఫొటో దించితే ఊరుకుంటాడా? అండమాన్‌లో జారవాల ఫొటోలు, వీడియోలు తీయడాన్ని 2012లో నేరం చేశారు. మన చెంచులు లోకంతో కలిసి బతుకుతున్నవాళ్లు కాబట్టి ఆ నిషేధం ఇక్కడ అవసరం లేదు, వాళ్లే ఒప్పుకోరు. సలేశ్వరంలో పూజ చేసేది వాళ్లు. జాతర నిబంధనల్లో ప్లాస్టిక్ వద్దని రాసినట్టే, పిల్లల ఫొటోలు అడగకుండా దించొద్దని కూడా రాయాలి. ఏ ఫొటో దించవచ్చో ఏది కూడదో చెప్పే అధికారం వాళ్ల చేతుల్లో పెట్టాలి.

ఇప్పుడు సారు గురించి చెప్తాను.

మా బడికి ఒకసారి దాతలు బ్యాగులు తెచ్చారు. ఏ సంస్థన్నది అనవసరం. మంచివాళ్లే, సొంత డబ్బులతోనే తెచ్చారు. వెంట ఒక కెమెరా మనిషి వచ్చాడు. అతను పిల్లల్ని వరసలో నిలబెడుతూ వెనక వరసలో నుంచి ఒక పిల్లను చెయ్యిపట్టి ముందుకు తెచ్చాడు. ఆ పిల్ల గౌనుకు వెనక గుండీలు లేవు, పిన్నీసు పెట్టి ఉంది. కాళ్లకు చెప్పుల్లేవు. ‘ఈ పాప ముందుంటే బాగొస్తది’ అన్నాడు. సారు అది చూశాడు. గొంతు పెంచలేదు. ఆ పిల్ల దగ్గరికి పోయి, ‘నువ్వు ఫొటో దిగుతవా బిడ్డా?’ అని అడిగాడు. ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. సారు కెమెరా మనిషివైపు తిరిగి, ‘బ్యాగులు టేబుల్ మీద పెట్టి దించుకోండ్రి, పిల్లలు క్లాసుకు పోతరు’ అన్నాడు.

దాతల్లో పెద్దాయనకు కష్టం తోచింది. ‘పేపర్ల ఫొటో రాకపోతే రేపు ఇంకొకాయన ఎట్ల ముందుకొస్తడు సారూ?’ అన్నాడు. అది అర్థంలేని మాటేం కాదు. సారు లోపలికి పోయి, బడి ముద్ర వేసిన తెల్లకాగితం మీద ఎన్ని బ్యాగులు ముట్టాయో రాసి, సంతకం చేసి ఇచ్చాడు. రశీదు. ఆయన దానం జరిగిందనడానికి అంతకంటే గట్టి రుజువు ఉండదు. పిల్లలకు బ్యాగులు ఆ సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు ఒక్కొక్కరినీ పిలిచి ఇచ్చాడు. అప్పుడు ఎందుకంత పట్టుపట్టాడో మాకు తెలియలేదు. ఆ పిల్లను అడగడం మాత్రం గుర్తుండిపోయింది. పెద్దవాళ్లు పిల్లల్ని ఏదైనా అడిగి జవాబుకోసం ఆగడం మేమప్పటికి పెద్దగా చూడలేదు.

ఇవాళ రశీదు పోయింది, ఆ చోట్లోకి ఫొటో వచ్చింది. దవాఖానలో పండ్లు పంచినా, హాస్టల్లో దుప్పట్లు ఇచ్చినా, పుట్టినరోజుకు అనాథాశ్రమంలో అన్నం పెట్టినా పండు ఇచ్చే చెయ్యి, పుచ్చుకునే చెయ్యి, రెండు ముఖాలూ కెమెరావైపు తిరిగి ఉండాలి. ప్రభుత్వమూ అదే దారి పట్టింది. ఉపాధి హామీ కూలీల హాజరుకు రోజూ ఫొటోలు ఎక్కించాలి. అంగన్‌వాడీలో ఇంటికిచ్చే రేషన్‌కు ముఖం చూపించాలి. మన రాష్ట్రంలో సర్కారు బడి పిల్లల హాజరు కూడా ముఖ గుర్తింపు యాప్‌తో తీసుకుంటున్నారు. టీచరు రిజిస్టరులో ఒక టిక్కు పెడితే తీరే పనికి పిల్ల ముఖం ఒక సర్వరులోకి పోవాలా? హైదరాబాదులో 2021 లాక్‌డౌన్‌లో పోలీసులు ఆపి, మాస్కు తీయించి ఫొటో దించితే ఎస్.క్యు. మసూద్ అనే సామాజిక కార్యకర్త ముఖ గుర్తింపు మీద హైకోర్టుకు వెళ్లారు. ఆయన పెద్దమనిషి, చదువుకున్నవాడు, ఎందుకు అని అడగగలిగాడు. నాలుగో తరగతి పిల్ల అడగగలదా?

చట్టం ఏమంటుందో క్లుప్తంగా చెప్తాను. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కు అని తేల్చింది. 2015 నాటి బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం, సంరక్షణ అవసరమైన పిల్లల, కేసుల్లో ఉన్న పిల్లల పేరు, ఫొటో, బడి, ఇల్లు ఏదీ బయటపెట్టకూడదు. పెడితే ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. అంటే అనాథాశ్రమంలో పుట్టినరోజు ఫొటోలు దించి ఫేస్‌బుక్‌లో పెట్టేవాళ్లలో చాలామంది తెలియకుండానే ఈ సెక్షన్ గీత దాటుతున్నారు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లలోపు వాళ్లందరినీ పిల్లలుగానే చూస్తుంది. వాళ్ల సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి, అదీ సరిచూసుకోదగిన అనుమతి ఉండాలంటుంది. అనుమతి ఇవ్వడం ఎంత సులువో వెనక్కి తీసుకోవడమూ అంతే సులువుగా ఉండాలని కూడా ఆ చట్టంలో ఉంది. నాకు అందులో అన్నిటికంటే నచ్చిన వాక్యం అది. 2025 నవంబరులో నియమాలు వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలు అమలయ్యేది పద్దెనిమిది నెలల తర్వాత. సొంతానికి, ఇంటి అవసరానికి తీసుకునే ఫొటోలకు ఈ చట్టం వర్తించదు. కాబట్టి శ్రీశైలం రోడ్డు మీది సెల్ఫీని ఈ చట్టంతో ఆపడం కష్టం.

చట్టం ఉన్నంతమాత్రాన ఏమవుతుందో పాత పాలమూరు జిల్లా చూసింది. 2019 నవంబరులో షాద్‌నగర్ దగ్గర వెలుగుచూసిన ఆ అత్యాచారం, హత్య ఘోరంలో బాధితురాలి పేరు, ఫొటో చెప్పకూడదని చట్టం స్పష్టంగా ఉన్నా, దేశమంతా ఆ ముఖం ఫోన్లలో తిరిగింది. పోలీసులు ‘దిశ’ అన్న పేరు పెట్టేసరికే ఆలస్యమైంది. పంచుకున్నవాళ్లంతా కన్నీళ్లు పెట్టుకునే పంచుకున్నారు.

తల్లిదండ్రుల అనుమతి అన్నచోట నాకు ఇంకో చిక్కు కనిపిస్తుంది. కొడంగల్, నారాయణపేట, మక్తల్ వైపు తండాల్లో, పల్లెల్లో అమ్మానాన్న మేస్త్రీ వెంట ముంబైకో పుణెకో పోయి ఉంటారు. పిల్లలు ముసలవ్వ దగ్గర ఉంటారు, లేదా వలస కూలీల పిల్లలకోసం పెట్టిన సీజనల్ హాస్టల్లో ఉంటారు. ఆ హాస్టల్‌కు అతిథి వచ్చి ఫొటో దించితే అనుమతి ఎవరిస్తారు? వార్డెన్ ఇస్తాడు. వార్డెన్‌కు ఆ అతిథి రేపు మళ్లీ రావాలి, ఫ్యాన్లు కావాలి, దుప్పట్లు కావాలి. తల్లిదండ్రులు ఊళ్లో ఉన్నా, ఎమ్మెల్యే పక్కన నిలబడి ‘ఫొటో దించుతం’ అంటే వద్దనే తల్లి ఎంతమంది? పుచ్చుకునే చెయ్యి చాచి ఉన్నప్పుడు ఇచ్చిన అనుమతిని అనుమతి అనలేం. అందుకే దానం చేసేచోట, మందులిచ్చేచోట, రేషన్ ఇచ్చేచోట పిల్లల ముఖాలు అసలు దించకూడదన్నది నా మాట. అడిగినా దించకూడదు. అడగాల్సింది వేరేచోట, వేరే రోజు, చేతిలో ఏమీ లేకుండా వెళ్లి.

మరి వార్తలెట్లా, చరిత్ర ఎట్లా? దారులున్నాయి. ఫ్లోరైడ్ కథ చెప్పడానికి ముఖమే కావాలా? గారపట్టిన పళ్ల ఫొటో దగ్గరగా తీస్తే ఎవరిదో తెలియదు, జబ్బు తెలుస్తుంది. బిందెలో నీళ్లు తీసి పరీక్ష చేసే ఫొటో, బోరు దగ్గర ఎర్రరంగు పూసిన హెచ్చరిక, వంగని వేళ్లతో తాడు పట్టుకున్న చెయ్యి, ఇవన్నీ సాక్ష్యాలే. పెద్దవాళ్లు ముందుకొచ్చి తమ ముఖంతో, తమ పేరుతో మాట్లాడతామంటే వాళ్లను పేరుపెట్టి చూపించాలి. 480 మంది నామినేషన్ వేసిన జిల్లాలో అట్లాంటివాళ్లకు కరువా? గుంపులో, బతుకమ్మ ఆటలో, బోనాల్లో, ఆటల పోటీల్లో పిల్లలు కనపడటం వేరే సంగతి, దాన్ని నేను పట్టించుకోవడం లేదు. పోచంపల్లిలో మగ్గం చూడటానికి వచ్చే పర్యాటకుడు నేతగాడిని అడిగి ఫొటో దించుతున్నాడు. పక్కన కండెలు చుట్టే పిల్లను మాత్రం అడగకుండా దించుతున్నాడు. తేడా అక్కడ ఉంది.

ఇప్పుడు అసలు పనికి వస్తాను. మన జిల్లా ఫ్లోరైడ్ పిల్లల ఫొటోలు మన దగ్గరే చాలా ఉన్నాయి. పత్రికల జిల్లా ఆఫీసుల్లో, పాత స్టూడియోల నెగెటివ్ డబ్బాల్లో, స్వచ్ఛంద సంస్థల నివేదికల్లో, ప్రభుత్వ శాఖల ఫైళ్లలో. అందులో ఉన్న పిల్లలు ఇప్పుడు ముప్పై, నలభై ఏళ్లవాళ్లు. కొందరు లేరు. ఉన్నవాళ్ల దగ్గరికి ఆ ఫొటోలు పట్టుకుని పోవాలి. ఇది మీదేనా, దీన్ని ఇంకా వాడుకోవచ్చా, వాడితే పేరు రాయాలా వద్దా, చించేయమంటారా అని అడగాలి. ఒక నకలు వాళ్లకు ఇవ్వాలి. చాలామంది తమ ఫొటోను తాము చూసే ఉండరు. ఉంచమన్నది పేరుతో ఉంచుదాం. వద్దన్నది ఏ పార్టీ ఫ్లెక్సీ మీదా, ఏ వార్త మీదా మళ్లీ రాకుండా, పత్రికలవాళ్లతో, కలెక్టరేట్‌తో రాతపూర్వకంగా మాట్లాడుకుందాం. లేనివాళ్లవైతే వాళ్ల ఇంటివాళ్లను అడుగుదాం.

ఈ సభలో విలేకరులున్నారు, స్టూడియోవాళ్లున్నారు, మర్రిగూడ, నాంపల్లి, చండూరు బడుల టీచర్లున్నారు. సారు స్మారక నిధి నుంచి ఈ ఏడాది పుస్తకం వేయడం మానేసి, ఆ డబ్బు ఈ పనికి పెట్టాలని కమిటీని కోరుతున్నాను. శివన్నగూడెం నుంచి మొదలుపెట్టొచ్చు. ఇంటింటికీ పోవడానికి నేను వస్తాను, రాగలిగినవాళ్లు సభ అయ్యాక పేర్లివ్వండి.